అక్టోబర్‌లోనే మంచు పడితే స్కీ సీజన్ బాగున్నట్టేనా?

దసరా బొమ్మల కొలువు అట్టపెట్టెల్లోకి సర్దేసిన వారం అది. కాలిఫోర్నియా బే ఏరియాలో మధ్యాహ్నమైతే ఇంకా చెమట పడుతూనే ఉంటుంది. అలాంటి ఒక పొద్దున వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చి పడుతుంది: కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దున ఉన్న లేక్ టాహో సరస్సు పక్క కొండల మీద ఆగి ఉన్న, స్కీ చేసేవాళ్లను పైకి మోసే లిఫ్టు కుర్చీలు, వాటి కింద తెల్లటి నేల. ఇక మొదలు. "ఈసారి సీజన్ కుమ్మేస్తుంది" అని ఒకరు, "సీజన్ పాస్ తీసుకున్నారా, రేటు పెంచుతున్నారట" అని ఇంకొకరు, "మా పిల్లకి పోయినేడు బూట్లు పట్టట్లేదు, ఎవరి దగ్గరైనా ఉన్నాయా" అని మరొకరు.

తొలి మంచు చూడగానే మనసు చలికాలం మొత్తాన్నీ ఊహించేసుకుంటుంది. మన దగ్గర తొలకరి చూసి పంట మొత్తాన్నీ ఊహించుకున్నట్టే. తొలకరికి విత్తనం వేసి, జూలై అంతా ఆకాశం వైపు చూసిన రైతులూ మనకు తెలుసు. మరి అక్టోబర్ మంచుకీ, ఆ తర్వాతి చలికాలానికీ నిజంగా సంబంధం ఉందా? ఈ ప్రశ్నకు టాహోలో 2021-22 సీజన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఆ ఏడాది జరిగింది వరసగా చూస్తూ, మధ్యలో అవసరమైన చోట ఆగి విషయం విప్పుకుందాం.

పొగలోంచి మంచులోకి, రెండు నెలల్లో

2021 ఆగస్టులో టాహోకి నైరుతి దిక్కున కాల్డార్ కార్చిచ్చు మొదలైంది. 2.2 లక్షల ఎకరాలు కాలిపోయాయి. ఆగస్టు 30న సౌత్ లేక్ టాహో ఊరంతా ఖాళీ చేయించారు. చలికాలంలో మంచు తయారు చేసే యంత్రాలతో కొండవాలు మీద నీళ్లు చిమ్మి మంటను ఆపే ప్రయత్నం కూడా జరిగింది. కొండకు ఈ పక్కన శాక్రమెంటోలో వరసగా 212 రోజులు చుక్క వాన లేదు. అది ఆ ఊరి రికార్డు.

అక్టోబర్ 24న అంతా తిరగబడింది. ఒక్క రోజులో శాక్రమెంటోలో 5.44 అంగుళాల వాన పడింది. 1880 నుంచి నిలిచిన రికార్డు బద్దలైంది. దీనికి కారణం 'అట్మాస్ఫియరిక్ రివర్'. పసిఫిక్ మీద నుంచి నీటి ఆవిరి సన్నటి, పొడుగాటి పట్టీలా సాగి వచ్చి తీరాన్ని తాకడం అన్నమాట. ఆ తడిగాలి టాహో ఉన్న సియెరా కొండలకు కొట్టుకుని పైకి లేచి చల్లబడితే, కింద వాన, పైన మంచు. అమెరికా పడమటి తీరానికి ఏడాదిలో వచ్చే నీటిలో 30 నుంచి 50 శాతం ఇలాంటి పట్టీల నుంచే వస్తుంది. అంటే నాలుగైదు పెద్దవి తగిలితే మంచి ఏడాది, రెండు తప్పిపోతే కరువు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

తుఫాను వెళ్లిన అయిదో రోజు, అక్టోబర్ 29న, పాలిసేడ్స్ టాహో రిసార్ట్ లిఫ్టులు నడిపింది. వాళ్లు ముందు పెట్టుకున్న తేదీ నవంబర్ 24. అదే రోజు దక్షిణాన మామత్ మౌంటెన్ కూడా తెరుచుకుంది. దీపావళికి ఇంకా ఆరు రోజులుంది.

మంచు అంటే ఏ మంచు?

మన భాషలో మంచు అనే మాట చాలా బరువు మోస్తుంది. తెల్లారి గడ్డి మీది నీటిబొట్టు మంచే. హైవే మీద ముందు లారీ కనపడకుండా కమ్మేదీ మంచే. డిసెంబర్‌లో లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకునేదీ మంచే. "ఆంధ్రాలో మంచు కురిసింది" అని ఏటా వచ్చే వీడియోలు ఆ మూడో రకానివి. అది కురిసింది కాదు, గాలిలో తేమ నేలమీదే గడ్డకట్టింది. స్కీకి కావాల్సింది మబ్బుల్లోంచి పడే స్నో. ఈ వ్యాసంలో మంచు అంటే అదే.

దాన్ని కొలిచే పద్ధతులు రెండు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. మొదటిది లోతు. చాలా రిసార్ట్‌ల వెబ్‌సైట్లలో ఒక కెమెరా రాత్రీపగలూ ఒకే పలక వైపు చూస్తుంటుంది. తెల్లటి పలక, దాని మీద నిలబెట్టిన అంగుళాల స్కేలు. రోజుకోసారి ఎవరో చేతి గ్లవుజుతోనో బ్రష్‌తోనో పలక ఊడ్చి వెళ్లిపోతారు. అలా ఊడ్చినప్పటి నుంచి పేరుకున్నదే "24 గంటల్లో ఇంత" అని మనం చదివే అంకె. మంచు తన బరువుకు తానే దిగిపోతుంటుంది కాబట్టి, అదే పలకను ఆరు గంటలకోసారి ఊడ్చి కూడితే మొత్తం ఎక్కువ వస్తుంది. అబద్ధమేమీ ఉండదు, కొలత తీరు వేరంతే.

రెండోది, ఆ మంచు కరిగితే ఎన్ని నీళ్లు అనేది. మామూలు లెక్క పదికి ఒకటి: పది అంగుళాల మంచు కరిగితే అంగుళం నీరు. యూటా, కొలరాడో కొండల్లో మంచు దీనికంటే తేలిక, దూదిలా ఉంటుంది. పసిఫిక్‌కు దగ్గరున్న టాహోలో తరచూ బరువుగా, తడిగా పడుతుంది. దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'సియెరా సిమెంట్'. తిట్టులా వినిపిస్తుంది గానీ, తొలి మంచుగా పడడానికి సిమెంటే మంచిది. ఎందుకో ఒక చిన్న లెక్కతో తేలుతుంది.

యాభై సెంటీమీటర్లు పది సెంటీమీటర్లయ్యే లెక్క

కొత్తగా పడ్డ తేలికపాటి మంచు ఘనపు మీటరుకి సుమారు 100 కిలోలు తూగుతుంది. యంత్రంతో తొక్కించి, చదును చేసిన స్కీ బాట మీద మంచు దాదాపు 500 కిలోలు తూగుతుంది. అంటే 50 సెంటీమీటర్ల కొత్త మంచు, తొక్కేసరికి 10 సెంటీమీటర్లు. వెబ్‌క్యామ్‌లో మోకాలి లోతు, బాట మీద జానెడు కూడా లేదు! కింద రాళ్లూ, మొక్కల మోళ్లూ అలాగే ఉంటాయి. అదే 50 సెంటీమీటర్లు తడి మంచు అయి, ఘనపు మీటరుకి 200 కిలోలుంటే, తొక్కాక 20 సెంటీమీటర్లు మిగులుతుంది. ఈ అడుగు పొరనే 'బేస్' అంటారు. రిసార్ట్‌వాళ్లు తొలి మంచు పడగానే లెక్కేసుకునేది బేస్ ఎంత నిలిచిందనే.

అక్టోబర్ మంచు నిలవకపోవడానికి ఎండను తిడుతుంటారు. నిజానికి అక్టోబర్ 24న సూర్యుడు ఆకాశంలో ఎంత ఎత్తున ఉంటాడో, ఫిబ్రవరి 17 ప్రాంతంలోనూ అంతే ఎత్తున ఉంటాడు. సూర్యుడు అన్నిటికంటే కిందుండే డిసెంబర్ 21కి అటు 58 రోజులు, ఇటు 58 రోజులు. తేడా నేలది. వేసవంతా కాగిన నేల లోపలి వేడి ఇంకా వదల్లేదు, మంచును అడుగు నుంచి కరిగిస్తుంది. పైగా పొర పల్చన కాబట్టి అక్కడక్కడా నల్లటి రాయి బయటపడి, అది వేడెక్కి చుట్టూ ఉన్నదాన్నీ కరిగిస్తుంది. ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద మిగిలింది, దక్షిణం వైపు వాలు మీద మిగలదు.

ఎయిర్ కూలర్ తెలిస్తే స్నో గన్ తెలిసినట్టే

2021 నవంబర్‌లో టాహోకి పెద్ద తుఫాను రాలేదు. ఇలాంటప్పుడు రిసార్ట్‌ల ఆశ స్నో గన్‌ల మీద. నీటినీ, ఒత్తిడి పెట్టిన గాలినీ కలిపి సన్నటి తుంపరగా చిమ్ముతాయి. తుంపర నేలను తాకేలోపు గడ్డకట్టాలి. దానికి గాలి సున్నా కంటే చల్లగా ఉండాలి అనుకుంటాం. అసలు కొలత వేరే, దాని పేరు వెట్ బల్బ్ ఉష్ణోగ్రత: నీరు ఆవిరవుతూ ఎంత వరకు చల్లబడగలదు అనేది.

మే నెలలో హైదరాబాద్‌లో ఎయిర్ కూలర్ గది చల్లబరుస్తుంది. అదే కూలర్ విశాఖలో పెడితే గది జిడ్డుగా తయారవుతుంది తప్ప చల్లబడదు. గాలి పొడిగా ఉంటే నీరు త్వరగా ఆవిరై వేడిని లాగేస్తుంది, తేమగా ఉంటే లాగలేదు. స్నో గన్ కూడా అంతే. గాలి ప్లస్ 2 డిగ్రీల సెల్సియస్ ఉండి తేమ 30 శాతమే అయితే వెట్ బల్బ్ మైనస్ 2.5 దగ్గరికి దిగుతుంది, గన్ నడపొచ్చు. గాలి సరిగ్గా సున్నా ఉండి తేమ 95 శాతమైతే నడపలేరు. మైనస్ 2 ప్రాంతం దీనికి సరిహద్దు. అందుకే మబ్బు పట్టిన చల్లటి రాత్రి కంటే చుక్కలు కనపడే పొడి రాత్రి గన్‌లవాళ్లకి ఇష్టం.

వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఈ రాత్రులు నవంబర్‌లో తగ్గడం రిసార్ట్‌లకు అసలు టెన్షన్. ఆకాశం ఇవ్వనిది యంత్రంతో తెచ్చుకుందాం అన్నా, యంత్రానికీ చలి కావాలి.

ఒక్క బాట కోసం లిఫ్టు ఎందుకు తెరుస్తారు

కొలరాడోలో ఏటా అక్టోబర్‌లో ఒక పందెం నడుస్తుంది: ముందు ఎవరు తెరుస్తారని. అరాపహో బేసిన్, లవ్‌ల్యాండ్, కీస్టోన్ పోటీదార్లు. మొదటి రెండింటికీ లిఫ్టు అడుగు భాగమే 10,700 అడుగుల పైన ఉంటుంది కాబట్టి చలి ముందే దొరుకుతుంది. 2019లో అరాపహో బేసిన్ అక్టోబర్ 11నే తెరుచుకుంది. తెరుచుకుంది అంటే కొండంతా కాదు. స్నో గన్‌లతో పరిచిన ఒకే ఒక్క తెల్ల పట్టీ, రెండు పక్కలా ఎండుగడ్డి. ఆ పట్టీ మీద వందలమంది. అక్కడివాళ్లు దాన్ని 'వైట్ రిబ్బన్ ఆఫ్ డెత్' అంటారు, అంటే చావు తెచ్చే తెల్ల రిబ్బన్. వెటకారమే అయినా, కొత్తగా నేర్చుకుంటున్నవాడి పక్కనుంచి దూసుకుపోయేవాళ్లను చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది.

ఇదంతా ప్రచారం కోసమే అని విమర్శించేవాళ్లున్నారు. తెల్ల రిబ్బన్ ఫొటో పేపర్లో వస్తే ఆ వారం పాస్‌లు అమ్ముడవుతాయి, నిజమే. 2008లో వెయిల్ రిసార్ట్స్ అనే కంపెనీ, ఒక్కసారి కొంటే సీజనంతా చాలా రిసార్ట్‌లలో స్కీ చేసుకోగల ఎపిక్ పాస్ తెచ్చినప్పటి నుంచి ఈ వ్యాపారం తీరే మారింది. 2018లో అలాంటిదే ఐకాన్ పాస్ తోడైంది. ముందుగానే డబ్బు కట్టించుకుంటే మంచు పడకపోయినా రిసార్ట్‌కు ఆదాయం వచ్చేసినట్టే, నష్టభయం కొన్నవాడి మీదికి మారుతుంది. రేటు మెట్లు మెట్లుగా పెరిగి, చలికాలం మొదలవుతుండగా అమ్మకం ఆగిపోతుంది. అంటే చలికాలం ఎలా ఉండబోతుందో ఎవరికీ తెలియని రోజుల్లోనే నిర్ణయం తీసుకోవాలి. ఆ రోజుల్లో చేతిలో ఉండే ఒకే సాక్ష్యం అక్టోబర్ ఫొటో.

రిసార్ట్‌ల వాదన ఇంకోలా ఉంటుంది. వేసవంతా ఆగిన లిఫ్టులు, కొత్తగా చేరిన సిబ్బంది, వీటన్నిటినీ డిసెంబర్ సెలవుల రద్దీకి ముందే పరీక్షించుకోవాలి. ఏడాదంతా ఎదురుచూసినవాళ్లకి ఒక్క బాట అయినా చాలు. రెండింట్లోనూ నిజముంది. నాకైతే తెల్ల రిబ్బన్ చూడగానే ముందు గుర్తొచ్చేది వ్యాపారమే.

ముందు పడ్డ మంచే ముప్పు అయ్యే తీరు

తొలి మంచు తర్వాత నెల రోజులు ఏమీ పడకపోతే సీజన్ ఆలస్యమవుతుంది, అంతేకదా అనుకుంటాం. లిఫ్టులున్న చోట అంతే. లిఫ్టులు లేని కొండల్లోకి సొంతంగా ఎక్కి స్కీ చేసేవాళ్లకి కథ వేరు.

30 సెంటీమీటర్ల మంచు నేల మీద ఉందనుకోండి. అడుగున నేల వేడికి సున్నా డిగ్రీలు. పైన రాత్రి చలికి మైనస్ 12. ముప్పై సెంటీమీటర్లలో 12 డిగ్రీల తేడా, అంటే మీటరుకి 40 డిగ్రీల చొప్పున. ఈ తేడా మీటరుకి సుమారు 10 డిగ్రీలు దాటితే, మంచు లోపల ఆవిరి కింద నుంచి పైకి కదులుతూ పలుకులకు మూలలు పుట్టిస్తుంది. ఒకదాన్నొకటి పట్టుకోని పలుకులవి. గుప్పెట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కాదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఇంగ్లీషులో కూడా దాన్ని షుగర్ స్నో అనే అంటారు. అదే చలిలో మంచు రెండు మీటర్ల లోతు ఉంటే తేడా మీటరుకి ఆరు డిగ్రీలే, పలుకులు గుండ్రంగా ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఇక డిసెంబర్‌లో ఆ పంచదార పొర మీద మూడడుగుల కొత్త మంచు పడిందంటే, గోలీల మీద బండ పెట్టినట్టే. మనిషి బరువు తగిలితే వాలు మొత్తం కదిలి హిమపాతంగా, అంటే అవలాంచ్‌గా, జారొచ్చు. సముద్రానికి దూరంగా, పొడిగా, విపరీతమైన చలి ఉండే కొలరాడోలో ఇది తరచూ జరిగేదే. అమెరికాలో హిమపాతాల్లో ఎక్కువమంది చనిపోయేది ఆ రాష్ట్రంలోనే. అక్కడి అనుభవజ్ఞులు అక్టోబర్ మంచు చూసి సంబరపడరు, ఉంటే గట్టిగా ఉండాలి, లేదా పూర్తిగా కరిగిపోవాలి అనుకుంటారు. సియెరాలో చలి తక్కువ, మంచు మందం, కాబట్టి ఈ ముప్పు తక్కువ.

ముందు మంచుకి ఒక మంచి కోణమూ ఉంది, స్కీ చేసేవాళ్లు దాన్ని పట్టించుకోరు. 2021 వసంతంలో కరిగిన సియెరా మంచులో చాలా భాగం రిజర్వాయర్ల దాకా రానేలేదు. దాహంగా ఉన్న నేల తాగేసింది, లెక్కలు ఘోరంగా తప్పాయి. అక్టోబర్‌లో వానో మంచో పడి నేల తడిసి ఉంటే, తర్వాతి వసంతంలో ఆ నష్టం తగ్గుతుంది.

జోస్యాలు: లెక్కలు, ఎల్ నినో, సైబీరియా

ముందుగా పడితే ఎక్కువ పడుతుందా అనే ప్రశ్నకు సూటి సమాధానం అంకెల్లో ఉంది. టాహో దగ్గర డానర్ కనుమలో 1946 నుంచి మంచు కొలుస్తున్న సెంట్రల్ సియెరా స్నో ల్యాబ్ ఉంది. అక్కడ ఏడాది సగటు సుమారు 360 అంగుళాలు. అక్టోబర్‌లో రెండడుగులు పడిందనుకున్నా అది 24 అంగుళాలు, మొత్తంలో పదిహేనో వంతు. మిగతా పద్నాలుగు వంతులూ ఇంకా పడాల్సినవే. అవి ఎక్కువగా డిసెంబర్ నుంచి మార్చి మధ్య వస్తాయి. అక్టోబర్ తుఫానుని తెచ్చిన గాలుల అమరిక అప్పటిదాకా నిలవదు, వారాల్లోనే మారిపోతుంది.

పసిఫిక్ నడిమి నీళ్లు మామూలు కంటే వేడెక్కితే ఎల్ నినో, చల్లబడితే లా నినా. మనకు ఎల్ నినో అంటే వానలు ఎగ్గొట్టే పేరు. అమెరికా పడమటి తీరంలో అది దక్షిణానికి తడి తెచ్చేవైపు మొగ్గుతుంది. లా నినా అయితే ఉత్తరాన సియాటిల్ వైపు తడి, దక్షిణాన పొడి. టాహో సరిగ్గా ఈ తూకం మధ్యలో పడుతుంది, అందుకే రెండింటిలో ఏది వచ్చినా టాహోకి గట్టి సూచన దొరకదు.

ఇంకో వాదన సైబీరియాది. అక్టోబర్‌లో యూరేషియాలో మంచు త్వరగా పరుచుకుంటే, ఉత్తర ధ్రువం చుట్టూ తిరిగే గాలులు చలికాలంలో బలహీనపడి అమెరికా తూర్పు భాగంలోకి చలి దిగుతుందని వాతావరణ శాస్త్రవేత్త జూడా కోహెన్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. రికార్డుల్లో ఆ సంబంధం కొన్ని దశాబ్దాలు బాగా కనపడుతుంది. కంప్యూటర్ నమూనాల్లో మాత్రం సరిగా కనపడదు, కొన్ని కాలాల్లో రికార్డుల్లోనూ చెదిరిపోతుంది. కాబట్టి యాదృచ్ఛికమేమోనని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. తర్జనభర్జన నడుస్తూనే ఉంది. ఒకటి గమనించండి: ఈ వాదన నెగ్గినా అది వేరే ఖండంలోని మంచు గురించి. మన ఇంటి కిటికీలోంచి కనపడే తొలి మంచు గురించి కాదు.

ఆలస్యమూ అంతే, జోస్యం కాదు. 2025 ఫిబ్రవరిలో గుల్‌మర్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడ్డాయి. కశ్మీరీలు చిల్లాయ్ కలాన్ అని పిలుచుకునే నలభై రోజుల గడ్డుచలి అప్పటికే దాటిపోయింది. తర్వాత మంచు పడింది, మార్చిలో ఆటలు జరిగాయి.

ఆ సీజన్ చివరికి ఏమైంది

పొడిబారిన నవంబర్ తర్వాత 2021 డిసెంబర్‌లో స్నో ల్యాబ్ దగ్గర 214 అంగుళాల మంచు పడింది. డిసెంబర్‌కి 1970 నుంచి ఉన్న 179 అంగుళాల రికార్డు పోయింది. హైవే 80 మూసేశారు, క్రిస్మస్ సెలవులకి బయల్దేరిన కార్లు ఆగిపోయాయి. డిసెంబర్ 30న ఫిలిప్స్ స్టేషన్ అనే చోట, రాష్ట్ర జలవనరుల శాఖ ఎప్పుడూ కొలిచే మైదానంలో, కొలగొట్టం 78.5 అంగుళాల లోతు చూపించింది. రాష్ట్రం మొత్తం మీద మంచులో నిలవ ఉన్న నీరు ఆ తేదీకి ఉండాల్సిన సగటులో 160 శాతం. అక్టోబర్‌లో "కుమ్మేస్తుంది" అన్నవాళ్లు ఆ వారం గ్రూపులో కాలర్ ఎగరేసి ఉంటారు.

తర్వాత జనవరి, ఫిబ్రవరి, మార్చి. రికార్డుల్లో అంత పొడిగా ఆ మూడు నెలలూ ఎప్పుడూ లేవు. 2022 ఏప్రిల్ 1న అదే మైదానంలో మంచు రెండున్నర అంగుళాలు. రాష్ట్రం మొత్తానికి సగటులో 38 శాతం.

ఆ తర్వాతి చలికాలం, 2022-23లో, అట్మాస్ఫియరిక్ రివర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. స్నో ల్యాబ్ 754 అంగుళాలు కొలిచింది, 1951-52 తర్వాత అంత పెద్ద సీజన్ అదే. 2023 ఏప్రిల్ 3న ఫిలిప్స్ స్టేషన్‌లో మంచు 126.5 అంగుళాల లోతు. పాలిసేడ్స్‌లో జూలై 4న కూడా లిఫ్టులు నడిచాయి.

ఆ రెండు చలికాలాల్లోనూ పసిఫిక్‌లో ఉన్నది లా నినాయే.